రెండు ఐపీలు ఉంటే కనెక్షన్ తెగదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్వర్‌కి రెండు అడ్రస్‌లు ఇచ్చాం, ఒక లింకు పోతే కనెక్షన్ దానంతటదే రెండోదాని మీదికి వెళ్లిపోతుంది.

వెళ్లదు. టీసీపీకి (ఇంటర్నెట్‌లో డేటాని వరుస తప్పకుండా చేర్చే ప్రోటోకాల్) కనెక్షన్ అంటే ఇటు ఐపీ, పోర్టు, అటు ఐపీ, పోర్టు, ఈ నాలుగూ కలిపి. ఒక్కటి మారినా అవతలి మెషీన్ దాన్ని గుర్తుపట్టదు. రెండో అడ్రస్ కొత్త కనెక్షన్ తెరవడానికి పనికొస్తుంది, నడుస్తున్నదాన్ని కాపాడదు. పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్‌లో రెండు రికార్డులు పెట్టినా ఇంతే.

అపోహ: కీప్‌అలైవ్ (అవతలి మెషీన్ ఉందా అని టీసీపీ పంపే పలకరింపు) ఆన్ చేస్తే చాలు.

లైనక్స్ డిఫాల్ట్ చూడండి: 7200 సెకన్లు ఏ కదలికా లేకపోతే మొదటి ప్రోబ్ (పలకరింపు ప్యాకెట్), ఆ తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున మొత్తం 9, అంటే కనెక్షన్ పోయిందని తెలిసేసరికి రెండు గంటలు దాటిపోతుంది. పైగా పంపిన డేటాకి ఇంకా జవాబు రాకపోతే కీప్‌అలైవ్ రంగంలోకే రాదు, రీట్రాన్స్‌మిషన్లే (అదే డేటాని మళ్లీ మళ్లీ పంపడం) నడుస్తాయి, అవి డిఫాల్ట్‌గా దాదాపు పావుగంట సాగుతాయి. టీసీపీ యూజర్ టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) పెట్టుకుంటే త్వరగా తెలుస్తుంది. తెలియడం వరకే, మళ్లీ కనెక్ట్ అయ్యే పని మీ అప్లికేషన్‌దే.

అపోహ: ఎస్‌సీటీపీకి (టీసీపీ లాంటిదే ఇంకో ప్రోటోకాల్) మల్టీహోమింగ్ (ఒకే కనెక్షన్‌కి ఒకటికి మించి అడ్రస్‌లు) ఉంది కదా, ఇక టెన్షన్ లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌సీటీపీ రెండు దారులనీ ఒకేసారి వాడదు, కొత్త డేటా అంతా ప్రైమరీ మీదే వెళ్తుంది, రెండోది హార్ట్‌బీట్‌లతో (దారి బతికుందా అని చూసే చిన్న ప్యాకెట్లు) సిద్ధంగా ఉంటుంది. ప్రైమరీ పోయిందని తేల్చుకోవడానికి డిఫాల్ట్‌గా 5 రీట్రాన్స్‌మిషన్ల హద్దు దాటాలి. టైమర్ 1 సెకనుతో మొదలై ప్రతిసారీ రెట్టింపవుతుంది కాబట్టి 1, 2, 4, 8, 16, 32, మొత్తం 63 సెకన్లు. పోయిన ప్యాకెట్లు రెండో దారిలో మళ్లీ వెళ్తున్నా, కొత్తవి అంతసేపూ చచ్చిన దారికే పోతుంటాయి, సిగ్నలింగ్ ట్రాఫిక్‌కి (ఫోన్ నెట్‌వర్క్‌లో కాల్స్ కలిపే సందేశాలు) ఒక్క నిమిషం అంటే మాటలు కాదు. అందుకే 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7829 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది: పూర్తిగా పోయిందని తేలకముందే, అనుమానం రాగానే దారి మార్చేస్తుంది. దాన్ని ఆన్ చేసుకోండి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది అసలు చూడరు. మెషీన్‌లో డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే ప్యాకెట్లకి మామూలు దారి) ఒక్కటే ఉంటే, రెండు అడ్రస్‌ల ప్యాకెట్లూ ఒకే గేట్‌వే గుండా బయటికి పోతాయి. పేరుకే రెండు దారులు. ఒక ఐఎస్‌పీ అడ్రస్‌తో ఇంకో ఐఎస్‌పీ గుండా వెళ్లే ప్యాకెట్‌ని వాళ్లు పారేసే అవకాశం కూడా ఎక్కువ. సోర్స్ అడ్రస్‌ని బట్టి వేరే రూటింగ్ టేబుల్ వాడేలా ఐపీ రూల్ (లైనక్స్‌లో ip rule కమాండ్) తప్పకుండా రాయండి.

అపోహ: క్విక్ (QUIC, టీసీపీ బదులు వాడే కొత్త ప్రోటోకాల్) వస్తే ఇవన్నీ పోతాయి.

చాలావరకు నిజమే, అక్కడ కనెక్షన్‌ని గుర్తుపట్టేది కనెక్షన్ ఐడీ, అడ్రస్ కాదు. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా సాగుతుంది. కానీ 2021 నాటి మొదటి వెర్షన్‌లో దారి మార్చగలిగేది క్లయింటే. సర్వర్ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదలయ్యే పరిచయం) అప్పుడే తనకి ఇష్టమైన ఇంకో అడ్రస్ చెప్పగలదు, మధ్యలో మారడం కుదరదు.

అపోహ: కేబుల్ పీకి చూశాం, ఫెయిలోవర్ (రెండో దారికి మారడం) బాగానే పనిచేసింది.

కేబుల్ పీకితే లింకు పడిపోయిందని ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కి వెంటనే తెలిసిపోతుంది. అసలు సమస్య లింకు వెలుగుతూనే ఉండి, ఎక్కడో మధ్యలో ప్యాకెట్లు మాయమైనప్పుడు. మధ్య రౌటర్‌లో ఒక అడ్రస్‌కి వెళ్లేవాటిని డ్రాప్ చేసి, ట్రాఫిక్ నడుస్తుండగా ఎన్ని సెకన్లు ఆగిందో కొలవండి.