స్టెరైల్ అయితే చాలా? గ్లూకోజ్ పాలిమర్ల టెస్టింగ్ మీద అపోహలు - వాస్తవాలు

మన విజయవాడలో కాస్త నీరసంగా ఉంటే చాలు, డాక్టర్ గారూ ఒక గ్లూకోజ్ ఎక్కించండి అంటాం. నేను ఫార్మా క్యూసీలో (మందుల నాణ్యత చెక్ చేసే విభాగంలో) మైక్రోబయాలజీ చూస్తాను కాబట్టి ఆ సీసాలో ఏముందో ఎలా చెక్ చేస్తారని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. గ్లూకోజ్ పాలిమర్లంటే గ్లూకోజ్ అణువులు గొలుసుగా కలిసినవి, వాటి ద్రవాల మీదా ఇవే అపోహలు.

అపోహ: ఆటోక్లేవ్ చేశారు (ఒత్తిడిలో ఆవిరితో ఉడికించారు), సీసా మీద స్టెరైల్ అని ఉంది, ఇంకేం భయం లేదు.

స్టెరైల్ అంటే బతికున్న బ్యాక్టీరియా లేదని, అంతే. 121 డిగ్రీల దగ్గర అది చస్తుంది గానీ దాని గోడ ముక్కలు అందులోనే ఉంటాయి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా దర్జాగా దిగిపోతాయి, తగినంత ఉంటే ఒళ్లంతా వణుకు, జ్వరం.

అపోహ: ఎల్ఏఎల్ అనే టెస్టు పాసైతే ఇంక పైరోజెన్ (జ్వరం తెప్పించే పదార్థం) లేనట్టే.

దీన్ని జనం కాదు, మా ల్యాబుల్లోవాళ్లే నమ్ముతారు, అదీ బాధ. హార్స్‌షూ క్రాబ్ రక్తంలోంచి తీసే ఆ రీఏజెంట్ గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియా గోడలోని విషం ఎండోటాక్సిన్‌ని పట్టడంలో మొనగాడే, కాదనను, కానీ గ్రామ్ పాజిటివ్ అనే ఇంకో రకం బ్యాక్టీరియా గోడలో ఉండే పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం దానికి దొరకదు. 2002లో యూరప్‌లో ఏమైందంటే, మొక్కజొన్న స్టార్చ్ నుంచి చేసే గ్లూకోజ్ పాలిమర్ ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం వాడిన పొట్ట డయాలసిస్ పేషెంట్లకి పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) వచ్చింది, బయటికొచ్చిన నీళ్లు మబ్బుగా ఉన్నాయి, కల్చర్ పెడితే ఏ క్రిమీ లేదు. ఎల్ఏఎల్ పాస్, కుందేళ్లకి ఎక్కించి జ్వరం వస్తుందేమో చూసే టెస్టూ పాస్! చివరికి మనిషి తెల్లరక్తకణాలు ఐఎల్-6 (వాపుని సూచించే ప్రోటీన్) వదలడం చూసి దారి దొరికింది, తీరా చూస్తే వేడినీ ఆమ్లాన్నీ తట్టుకునే ఆలిసైక్లోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా పెప్టిడోగ్లైకాన్.

అపోహ: ఈ గోడ ముక్కల్ని పట్టే టెస్టులో వాడే ఇంజినీర్డ్ సెల్స్ అంటే జీన్ మార్చిన కణాల్ని మందులో కలుపుతారు.

కలపరండీ బాబూ, అవి మా ప్లేట్లోనే ఉంటాయి. హెచ్ఈకే అనే, ల్యాబులో పెంచే మనిషి కణాల్లో టీఎల్ఆర్2 లాంటి రిసెప్టార్ (బ్యాక్టీరియా ముక్కల్ని గుర్తుపట్టే ప్రోటీన్) పెడతారు, దాంతోపాటు ఒక రిపోర్టర్ (సిగ్నల్ ఇచ్చే) ఎంజైమ్ జీన్, గోడ సరుకు తగిలితే ఎంజైమ్ బయటికొచ్చి ద్రవం నీలంగా మారుతుంది, ఎంత నీలమో రీడర్ చెప్తుంది. ఎన్ఓడీ2 అనే ఇంకో రిసెప్టార్ పెట్టిన సెల్స్ మాత్రం చిన్న ముక్కలకే పలుకుతాయి, మ్యూరమిల్ డైపెప్టైడ్ లాంటివాటికి, అందుకే పెద్ద పెప్టిడోగ్లైకాన్ ఉందని అనుమానమొస్తే శాంపిల్‌ని ముందు గోడని కోసే ఎంజైమ్ మ్యూటనోలైసిన్‌తో కోయాలి.

అపోహ: రంగు రాలేదంటే శుభ్రం, వస్తే బ్యాక్టీరియా పేరు తెలిసిపోయినట్టే.

రెండూ తప్పే. శాంపిలే సెల్స్‌ని చంపేసి ఉండొచ్చు, చచ్చినవి రంగెలా ఇస్తాయి? కాబట్టి తెలిసిన మోతాదులో గోడ సరుకు (స్పైక్) కలిపి అది తిరిగొస్తుందో లేదో చూడాల్సిందే, రిసెప్టార్ పెట్టని మామూలు హెచ్ఈకే సెల్స్ కూడా పక్కన నడపాలి, ఎందుకంటే వాటికి సొంతంగా టీఎల్ఆర్5 ఉంటుంది, ఫ్లాజెల్లిన్ (బ్యాక్టీరియా తోకలోని ప్రోటీన్) తగిలినా పలుకుతాయి. పేరు కావాలంటే దానికి వేరే పని ఉంది.

ఇంట్లో తాగే గ్లూకోజ్ పొడికి కూడా ఇదంతా చేయాలా అని మా గుంటూరు పిన్ని అడిగింది. అక్కర్లేదు పిన్నీ, పేగుల్లో బ్యాక్టీరియా ఎలాగూ బోలెడుంది, ఈ గొడవంతా రక్తంలోకో పొట్ట లోపలి పొర మీదకో నేరుగా వెళ్లేవాటికే.