సోమవారం ఇంజెక్షన్ గురించి తాతయ్య ఉత్తరం

బుజ్జీ, చిన్నా,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. సోమవారం స్కూల్లో టీడీ ఇంజెక్షన్లట (ధనుర్వాతానికీ డిఫ్తీరియాకీ కలిపి వేసే టీకా), పదేళ్లవాడికీ పదహారేళ్లదానికీ ఒకేసారి వచ్చిపడ్డాయట, చిన్నాగాడు అప్పుడే కడుపునొప్పి రిహార్సల్ మొదలుపెట్టాడట. బుజ్జి మాత్రం "ఈ రోజుల్లో డిఫ్తీరియా ఎవరికొస్తోంది తాతయ్యా" అని మెసేజ్ పెట్టింది. మంచి ప్రశ్నే. ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

డిఫ్తీరియాని మా చిన్నప్పుడు కంఠసర్పి అనేవాళ్లు. గొంతులో బూడిదరంగు పొర కట్టి పిల్లలకి ఊపిరాడకుండా చేస్తుంది. 1940లో ఒక్క ఇంగ్లండ్, వేల్స్‌లోనే 2,400 మందికి పైగా దీంతో పోయారు, దాదాపు అందరూ పిల్లలే. మీరు యుద్ధం సినిమాల్లో బాంబులు చూస్తారు గానీ ఆ బాంబుల కింద పిల్లల జబ్బులు చూసుకున్నవాళ్లని ఎవరూ చూపించరు. వాళ్ల గురించే చెబుతాను.

లండన్‌లో ఫిన్స్‌బరీ అని ఒక పేట ఉండేది. అప్పట్లో దానికి సొంత కౌన్సిల్, సొంత మేయర్. ఇరుకు ఇళ్లు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, గోడల్లో నల్లులు, పిల్లల్లో క్షయ, ఎండ తగలక ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు. వైద్యం లేదని కాదు, ఉంది, కానీ దంతాలకి ఒకచోట, క్షయకి ఇంకోచోట, గర్భిణులకి మరోచోట. చంకలో ఒకడు, చేత పట్టుకుని ఒకడు, అలా తిరగాల్సిన తల్లి ఎన్నిచోట్లకని వెళ్తుంది? అందుకని 1938 అక్టోబరులో ఆ కౌన్సిల్ పైన్ స్ట్రీట్‌లో అన్నీ ఒకే కప్పు కిందకి తెచ్చి హెల్త్ సెంటర్ తెరిచింది. లుబెట్కిన్ అనే ఆర్కిటెక్టు బృందం పని అది. వెలుతురు ధారాళంగా వచ్చే గాజు గోడలు, ఎండ లేని పిల్లలకి దీపాలతో ఎండ పట్టించే గది, ఇంట్లో నల్లుల మందు కొడుతుంటే ఆ కుటుంబం తలదాచుకోవడానికి గదులు కూడా.

అప్పుడు ఆ కౌన్సిల్ ప్రజారోగ్య కమిటీకి ఛైర్మన్ ఎవరో తెలుసా? మనవాడే, పంజాబీ, డాక్టర్ చునీలాల్ కటియాల్. 1931లో గాంధీ గారు, చార్లీ చాప్లిన్ కలుసుకున్నది ఈయన ఇంట్లోనే. 1938లో ఫిన్స్‌బరీకి మేయర్ కూడా అయ్యాడు. మనల్ని పాలిస్తున్న దేశపు రాజధానిలో మనవాడు మేయర్ కావడం అప్పట్లో ఎంత పెద్ద మాటో మీకు నేను చెప్పాలా.

మరుసటి ఏడాదే రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1939 సెప్టెంబరు 1 నుంచి పట్నాల పిల్లల్ని మెడలో పేరు రాసిన చీటీ కట్టి, గ్యాస్ మాస్కు తగిలించి రైళ్లెక్కించి పల్లెలకి పంపేశారు. మూడు నాలుగు రోజుల్లో తల్లులూ పసిపిల్లలతో కలిపి 15 లక్షల మంది. పల్లెల్లో వాళ్లని ఉంచుకున్న ఇళ్లవాళ్లు పేలు, గజ్జి, పక్కతడపడం చూసి గోల పెట్టారు. నన్నడిగితే ఆ గోల మంచిదే అయింది, అప్పటిదాకా పేటల్లో మూసుకుపోయిన పేదరికం మొదటిసారి ఉన్నవాళ్ల ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాంబులు పడటంలేదని చాలామంది నాలుగు నెలల్లోనే వెనక్కొచ్చేశారు. అసలు జర్మన్ల బాంబులు లండన్ మీద 1940 సెప్టెంబరు 7న మొదలయ్యాయి, వరసగా 57 రాత్రులు. ఊళ్లో ఉన్న పిల్లలు భూగర్భ రైలు స్టేషన్లలో, షెల్టర్లలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ఇక గజ్జికి పండగే.

ఈ గజ్జి సంగతి కాస్త చెప్పనివ్వండి, నేను ఇరవై ఎనిమిదేళ్లు ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, డిస్పెన్సరీలో కాంపౌండర్ని కదా. గజ్జి దుప్పట్ల వల్ల వస్తుందనుకుని అక్కడ పక్కబట్టలు తెగ ఆవిరికి పెట్టేవాళ్లు. యుద్ధం చెయ్యం అని మొండికేసిన కొందరు కుర్రాళ్లు షెఫీల్డ్‌లో ప్రయోగానికి ఒప్పుకుని, గజ్జి ఉన్నవాళ్ల దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. వాళ్లలో బహు కొద్దిమందికే అంటుకుంది! పక్కపక్కన ఒంటికి ఒళ్లు తగిలి పడుకుంటేనే అంటుకుంటుందని అలా తేలింది. దానికి వాళ్లు వాడిన బెంజైల్ బెంజోయేట్‌నే నేను సీసాల్లో పోసి ఇచ్చేవాణ్ణి. ఒళ్లంతా భగ్గుమంటుంది, కానీ పనిచేస్తుంది.

1940 జులై నుంచి గర్భిణులకీ ఐదేళ్లలోపు పిల్లలకీ రోజుకో పైంటు పాలు, అంటే అర లీటరు పైన, సగం ధరకి. డబ్బుల్లేనివాళ్లకి ఉచితం. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఆకుపచ్చ రేషన్ పుస్తకం వేరే. తర్వాత నారింజ రసం, కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చారు. నారింజ రసం తీసుకెళ్లిన తల్లుల్లో చాలామంది ఆ చేపనూనె జోలికి పోలేదు, ఆ వాసన తెలిసినవాణ్ణి నేనేమీ అనను. తల్లులు ఫ్యాక్టరీలకి పోతుంటే పిల్లల్ని చూసుకునే నర్సరీలు తెరిచారు. కంఠసర్పి టీకా ఊరూరా ఉచితంగా వేయడం మొదలైందీ అప్పుడే.

ఫలితం ఏమిటి? ఆ దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయే పిల్లలు 1939లో 51 మంది, 1941లో 60 అయ్యారు, 1944కి 45కి దిగారు. తిండి రేషన్, నిద్ర షెల్టర్లో, అయినా శాంతికాలం కంటే ఎక్కువమంది బతికారు. కంఠసర్పి చావులు 1950 నాటికి ఏటా వందలోపే. బుజ్జీ, ఈ రోజుల్లో ఎవరికొస్తోందని నువ్వు అడగగలుగుతున్నావంటే ఆ టీకా వల్లే.

ఇంకోమాట కూడా చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. 1943లో లండన్ పిల్లలకి పాలసీసా గుమ్మం ముందుకొస్తున్న రోజుల్లోనే, అదే ప్రభుత్వం ఏలుబడిలో ఉన్న బెంగాల్లో కరువుకి 20 నుంచి 30 లక్షల మంది చచ్చిపోయారు. ఎవరి పిల్లల్ని బతికించాలో కూడా వాళ్లు లెక్క వేసుకున్నారనే నాకు అనిపిస్తుంది. మీ అమ్మ ఇది పిల్లలకెందుకు రాశారంటుంది. రాస్తాను.

కటియాల్ గారు స్వాతంత్ర్యం వచ్చాక మన దేశానికి తిరిగొచ్చారు. 1948లో ఈఎస్ఐ కార్పొరేషన్‌కి మొట్టమొదటి డైరెక్టర్ జనరల్ ఆయనే. మెట్రోలో ఎర్రగడ్డ వైపు వెళ్తుంటే ఈఎస్ఐ హాస్పిటల్ అని స్టేషన్ వస్తుంది చూడండి, ఆ మూడక్షరాలు. నాకు జీతమిచ్చి, ఆ జీతంతో మీ అమ్మని చదివించినవి కూడా అవే, నాకీ సంగతి రిటైరయ్యాకగానీ తెలియలేదు.

చిన్నా, సోమవారం ఎడమచేతికి వేయించుకో. కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది కాబట్టి సాయంత్రం కూర్చుని, నొప్పెంత పుట్టిందో, పక్కబెంచీవాడు ఏడ్చాడో లేదో నాకు ఉత్తరం రాయి. బుజ్జి నీకు అక్షరదోషాలు దిద్దుతుంది.

మీ తాతయ్య