సీటు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి? యూనివర్సిటీ చదువులపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెబుతున్నాను. మధ్యలో ఆరేళ్లు మా ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ (వెనకబడిన వర్గాల, వైకల్యం ఉన్న పిల్లల ఇబ్బందులు చూసే విభాగం) బాధ్యత కూడా నా నెత్తినే పడింది. సెల్ అంటే మరేదో అనుకోకండి. ఒక గది, రెండు కుర్చీలు, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియని ఒక బీరువా. ఆ గదికి వచ్చిపోయే పిల్లల నోటా, స్టాఫ్ రూంలో టీ తాగే తోటి మాస్టార్ల నోటా పదేపదే విన్న మాటలు కొన్ని ఉన్నాయి. నాకు తెలిసినంతలో వాటికి జవాబులివి.

అపోహ: ఓపెన్ కేటగిరీ అంటే ఓసీల సీట్లు.

బాగా చదువుకున్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10, బీసీలకు 29, ఈడబ్ల్యూఎస్‌కు (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్లకు) 10 శాతం సీట్లున్నాయి. మిగిలినవి ఎవరి పేరు మీదా పట్టా కాలేదు. మార్కులొస్తే తండా పిల్లకైనా ఓపెన్‌లోనే సీటు. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని మళ్లీ తేల్చి చెప్పింది. ఒక అడ్మిషన్ల సీజన్లో ఓ పెద్దాయన వచ్చి "మా పిల్లగాని సీటు వాళ్లకు ఇచ్చిండ్రు మేడం" అని గొడవ పెట్టుకున్నాడు. ర్యాంకుల లిస్టు ముందు పెట్టాను. ఆయన చెబుతున్న అమ్మాయి వాళ్లబ్బాయి కంటే చాలా పైన ఉంది. లిస్టు రెండుసార్లు చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అపోహ: ఎస్సీలంటే అందరూ ఒకటే, రిజర్వేషన్ అందరికీ ఒకేలా అందింది.

అందలేదు కాబట్టే వర్గీకరణ వచ్చింది. రాష్ట్రాలు ఎస్సీలను గ్రూపులుగా విడదీయొచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలు. 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, ఆ 15 శాతాన్ని వాటికి 1, 9, 5 శాతాలుగా పంచారు. మొదటి గ్రూపులో బుడగ జంగాలు, డక్కలివాళ్లు ఉన్నారు. ఊరూరా తిరిగి కథలు చెప్పిన కులాలివి. ఆ కథల మీద పీహెచ్‌డీలు చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ఇళ్ల నుంచి వచ్చి పీహెచ్‌డీ చేసినవాళ్లు మాత్రం నాకు మా కారిడార్‌లో ఇంతవరకు ఎదురుపడలేదు.

అపోహ: పాటలూ బొమ్మల పటాలూ జానపదం కిందికి వస్తాయి, ఆధారాల కిందికి రావు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా గొడవంతా ఇక్కడే. సీటు ఇచ్చాక పిల్లలను బయటికి నెట్టే పని క్లాసులో కంటే సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) దగ్గర ఎక్కువ జరుగుతుంది. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక కోయ అబ్బాయి తమ గోత్రాల వలస గురించి సినాప్సిస్ పెట్టాడు. ఆధారం, వాళ్ల చరిత్ర పాడే గాయకులైన డోలీలు పడిగె (బొమ్మల గుడ్డ) విప్పి పాడే కథ. కమిటీలో ఒక ఎక్స్‌పర్ట్ కాగితాలు తిప్పి, "బాగుంది బాబూ, శాసనం ఏమన్నా ఉందా?" అన్నారు. లేదన్నాడు. "మరైతే ఇది తెలుగు డిపార్ట్‌మెంట్‌లో చేసుకోవాల్సింది" అన్నారు. అబ్బాయి తల వంచుకున్నాడు.

శాసనాల సంగతే చూద్దాం. మా ఊరి వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. కాకతీయ రాజు రుద్రదేవుడు తన విజయాలను తానే సంస్కృతంలో చెక్కించుకున్నాడు. అంటే రాజు తన ఖర్చుతో రాయించుకున్న పొగడ్త. అయినంత మాత్రాన దాన్ని పారేయం. ఎవరు రాయించారు, ఎందుకు రాయించారు, ఎక్కడ పెంచి చెప్పారు, ఎక్కడ దాచారు అని ఒక్కో పంక్తిని గిల్లి చూసి వాడుకుంటాం. డోలి పాటకూ ఇదే పరీక్ష పెట్టొచ్చు. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఎవరి ముందు పాడారు? అదే కథను ఇంకో ఊరి గాయకుడు ఎక్కడ మార్చాడు? ఊళ్ల పేర్లూ వాగుల పేర్లూ మ్యాపులో ఎక్కడ పడుతున్నాయి? ఇవన్నీ రాస్తే అది ఆధారం. రాయకపోతే శాసనమైనా వట్టి బండే.

కోయల చరిత్ర పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఢిల్లీకి ఆయన గొంతు చేరింది గానీ మా దగ్గర ఫుట్‌నోట్ దాకా రాలేదు. గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటాలదీ అదే కథ. వాటిని గోడకు తగిలించి ఫొటో తీసుకుంటాం. కూనపులివాళ్లు పద్మశాలీలకు, కాకిపడిగెలవాళ్లు ముదిరాజులకు కథ చెప్పేటప్పుడు ఆ పటంలోని బొమ్మలే వరుసగా విప్పుతారనీ, ఒక్కో కులం తన పుట్టుక గురించి తాను ఏమనుకుందో అందులో ఉందనీ సిలబస్‌లో రాసుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. అది కూడా ఎలెక్టివ్ పేపర్లోనే.

ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు కదా. మళ్లీ రాయించాం. ఈసారి మెథడాలజీ చాప్టరే ముప్పై పేజీలు. గాయకుల పేర్లు వాళ్ల అనుమతితోనే పెట్టాడు, రికార్డింగుల కాపీలు వాళ్లకే తిరిగి ఇచ్చాడు. రెండోసారి కమిటీ ఒప్పుకుంది. కానీ ఏడాది పోయింది, దాంతోపాటు ఏడాది ఫెలోషిప్పూ పోయింది. దాన్ని ఎవరూ తిరిగివ్వలేదు.

అపోహ: ఎస్టీ స్కాలర్ ఎస్టీల మీద చేస్తేనే న్యాయం.

పైదాన్ని తిరగేస్తే ఇది వస్తుంది. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక లంబాడా అమ్మాయికి కాకతీయుల నాటి చెరువుల తూముల మీద చేయాలని ఉంది. లెక్కలు బాగా వచ్చు, సర్వే చేయడమూ వచ్చు. గైడ్ మాత్రం "మీ తండా పెళ్లి పాటలు చేయరాదా, నీకు ఈజీ కదా" అన్నారట. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. అయితే కమ్మవారి అబ్బాయినో బ్రాహ్మణుల అమ్మాయినో "మీ ఇంటి పెళ్లి పాటలు చేయి" అని ఏ గైడూ అడగగా నేను వినలేదు. తన వాళ్ల మీద రాసే హక్కు ఎంత ముఖ్యమో, రాయనని చెప్పే హక్కూ అంతే ముఖ్యం. ఆమె తూముల మీదే చేస్తోంది.

అపోహ: తెలుగు మీడియం వాళ్లు రీసెర్చ్‌కు పనికిరారు.

ఇక్కడ నా తప్పు నేనే ఒప్పుకోవాలి. సెమినార్‌లో ఒక అబ్బాయి "గా ఊర్లె" అని మొదలుపెడితే, "ముందు భాష బాగు చేసుకో నాయనా" అన్నాను. పలుకుబడుల భాషే కావాలన్న కాళోజీ తిరిగిన ఊళ్లో నిలబడి ఆ మాట అన్నాను! ఆ తర్వాత రెండు సెమిస్టర్లు ఆ అబ్బాయి క్లాసులో నోరు తెరవలేదు. పేపర్ దిద్దుతుంటే తెలిసింది, మొత్తం క్లాసులో ప్రశ్న అర్థమైంది అతనికే అని. ఇంగ్లిష్ మీడియం కోర్సుల్లో కూడా పరీక్షను స్థానిక భాషలో రాయనివ్వాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2023 ఏప్రిల్‌లోనే యూనివర్సిటీలను కోరింది. ఇంగ్లిష్ నేర్పాలి, తప్పదు. నేర్చుకునేలోపు ఆలోచించడం ఆపమని మాత్రం చెప్పకూడదు.

అపోహ: పెళ్లై పిల్లలు పుడితే పీహెచ్‌డీ అటకెక్కినట్టే.

2022 యూజీసీ నిబంధనలు గైడ్‌లే సరిగ్గా చదవరు. పీహెచ్‌డీ కాలంలో మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు దానిపైన మరో రెండేళ్లు పొడిగించొచ్చు. "ఇప్పుడెందుకమ్మా ఇదంతా" అని గైడ్ అంటే ఈ నిబంధన ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టండి.

అపోహ: కమిటీలో ఒక ఎస్టీని, ఒక మహిళను వేస్తే పని అయిపోయింది.

ఆచరణలో ఆ ఇద్దరూ ఒక్కరే అవుతారు. మా దగ్గర ఒక మేడం ఒకే ఏడాదిలో ఏడు కమిటీల్లో ఉన్నారు. ఆమె పేపర్ రాసుకునేది ఎప్పుడు? ప్రమోషన్ ఇంటర్వ్యూలో "పబ్లికేషన్స్ తక్కువున్నాయే" అన్నవాళ్లలో ఆమెను కమిటీల్లో వేసినవాళ్లూ ఉన్నారు.

అపోహ: చూపులేని పిల్లలకు ఎక్స్‌ట్రా టైం ఇస్తున్నాం, అంతకంటే ఏం చేయగలం?

గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం రూల్, ఎవరి దయా కాదు. మూడు గంటల పేపర్‌కు గంట. ఉన్నత విద్యలో వైకల్యం ఉన్నవాళ్లందరికీ కలిపి కనీసం 5 శాతం సీట్లు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చినవి. అయితే అసలు ఇబ్బంది పరీక్ష రోజు కాదు, మిగతా ఏడాదంతా. మా నోట్సు సగం అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంది. కంటికి చక్కని తెలుగే. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం అవి పిచ్చి గుర్తులు. ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి నా చెవికి పెట్టింది. కాకతీయుల పన్నుల మీద నేనే రాసిన పాఠం, అందులో ఒక్క ముక్క నాకే అర్థం కాలేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఇంకా నయం, వాటికి అసలు నోరే లేదు.

ర్యాంపు కట్టాలంటే టెండరు కావాలి, ఈ నోట్సును ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చడానికి అక్కర్లేదు. కన్వర్టర్లు ఉన్నాయి, వత్తులు మాత్రం మనిషి కూర్చుని దిద్దాలి. వేసవి సెలవుల్లో ఇద్దరు స్కాలర్లు, నేను కలిసి మూడు పేపర్ల నోట్సు మార్చాం. ఇంకా ఐదు ఉన్నాయి. హనుమకొండ చౌరస్తా వైపు పాత అను టైపింగ్ తెలిసిన డీటీపీ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, పేజీకి ఇంతని ఇచ్చుకుంటాం.