అప్పగింత తేదీ దాకా సైన్యం ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

"అప్పగింత ఫలానా తేదీన కదా, అప్పటిదాకా సైన్యం ఇక్కడే ఉంటుంది కదా సార్?" ఒక ప్రాంతాన్నో, క్యాంపునో మరొకరికి అప్పగించి సైన్యం వెళ్లిపోయేటప్పుడు జనం అడిగే ఈ ప్రశ్న రిటైరైనా నన్ను వదల్లేదు. సైన్యంలో మూవ్‌మెంట్ పని, అంటే యూనిట్ల తరలింపు, చూసినవాడిగా చెబుతున్నా, ఉండదు. ఆ తేదీకి మిగిలేది రియర్ పార్టీ (చివరగా కదిలే చిన్న బృందం), కాపలా, కవాతుకు కావలసినంత మంది.

బ్రిటన్ చైనాకు అప్పగించిన హాంకాంగ్ సంగతే చూడండి. అందరికీ గుర్తున్నది 1997 జూన్ 30 సాయంత్రం, అర్ధరాత్రి అప్పగింతకు ముందు, జోరు వానలో జరిగిన బ్రిటిష్ వీడ్కోలు కవాతు. కానీ ఒప్పందం మీద సంతకాలు 1984 డిసెంబర్‌లోనే అయ్యాయి. స్థానిక వాలంటీర్ల రెజిమెంటును 1995 సెప్టెంబర్‌లో రద్దు చేశారు. గూర్ఖాల చివరి బెటాలియన్ 1996 చివర్లో వెళ్లిపోయింది. హాంకాంగ్ వాళ్లను చేర్చుకుని నడిపిన మిలిటరీ సర్వీస్ కోర్ 1997 మార్చి 31తో ముగిసింది. చివరిదాకా ఉన్న పదాతి బెటాలియన్ స్కాట్లాండ్ రెజిమెంటు బ్లాక్ వాచ్ ఒక్కటే. ఎవరి చివరి రోజు వాళ్లది. ప్లాన్ ఎప్పుడూ ఆఖరి రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రాస్తారు. మామూలుగా కుటుంబాలు, అదనపు స్టోర్స్ ముందు కదులుతాయి. సిగ్నల్స్, వైద్యం, బండ్లు, గార్డు చివరికి.

ఇది తెలియకే జనం నష్టపోతారు. ఒకసారి మా యూనిట్ స్టేషన్ మారుతుంటే, నెలాఖరు దాకా అందరూ ఉంటారనుకుని మా ధోబీ అప్పు పద్దు సాగదీశాడు. నెల మధ్యలోనే అడ్వాన్స్ పార్టీ (ముందుగా వెళ్లే బృందం), దాని వెనకే సగం కంపెనీలు రైలెక్కేశాయి. పాపం, పుస్తకం పట్టుకుని క్వార్టర్ గార్డు (యూనిట్ కాపలా గది) దగ్గర నిలబడ్డాడు. మా సుబేదార్ సాబ్ పేర్లు రాసుకుని వసూలు చేయించారు కాబట్టి చాలావరకు దక్కింది. క్యాంపు మీద బతికే దుకాణాల వాళ్లు, మెస్ పనివాళ్లు, పిల్లల స్కూలు గురించి టెన్షన్ పడే కుటుంబాలు అడగాల్సింది అప్పగింత తేదీ కాదు. మీతో పనున్న యూనిట్ ఎప్పుడు కదులుతుంది, మీ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, అది అడగండి. కాగితం మీద అడగండి.

ఇక "పోతూ పోతూ అన్నీ పేల్చేస్తారు" అనే పుకారు. యుద్ధంలో వెనక్కి తగ్గడం వేరు, ఒప్పందం ప్రకారం అప్పగించడం వేరు. హాంకాంగ్‌లో 39 సైనిక స్థలాల లెక్క 1994లోనే తేలింది. 14 చైనా సైన్యానికి, 25 హాంకాంగ్ ప్రభుత్వానికి. హ్యాండింగ్-టేకింగ్ ఓవర్ అంటే ఫ్యాన్లు, స్విచ్చులు కూడా లెక్కపెట్టి సంతకాలు పెట్టించే విసుగు పని. పేల్చే తీరిక ఎవరికుంటుంది?

"అర్ధరాత్రి దాకా కొత్త సైన్యం గడప తొక్కదు" అనేదీ తప్పే. చైనా అడ్వాన్స్ పార్టీ ఏప్రిల్‌లోనే వచ్చింది. జూన్ 30 రాత్రి 9 గంటలకే మరో 509 మంది సరిహద్దు దాటారు. తాళాలు ఇవ్వాలంటే తీసుకునేవాడు ఎదురుగా ఉండాలి కదా!

ఓడలన్నీ ఇంటికే వెళ్తాయన్నదీ అంతే. అక్కడున్న బ్రిటిష్ పీకాక్ తరగతి గస్తీ నౌకలు మూడింటినీ ఫిలిప్పీన్స్ కొనుక్కుంది.