నలుపు నిజంగా నల్లగా కనిపించే తెర

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి సగమే జవాబు చెప్పాను. రాత్రి లైట్లు తీసేసి సినిమా చూస్తే మీ టీవీలో ఆకాశం బూడిదరంగుగా, పెద్దమ్మ వాళ్ల టీవీలో చిక్కటి నలుపుగా ఉందన్నారు. ఎంత బాగా గమనించారు! మిగతా సగం తీరిగ్గా రాస్తున్నాను.

మీ ఇంటిది ఎల్‌సీడీ. ఆ తెర తనంతట తాను వెలగదు. వెనకాల దీపాలు వెలుగుతుంటే, ముందున్న ద్రవస్ఫటికాలు (లిక్విడ్ క్రిస్టల్స్) ఆ వెలుతురును ఎక్కడ ఎంత వదలాలో చూసుకుంటాయి. నలుపు కావాలంటే అడ్డుపడతాయి. కానీ లైటు వెలుగుతున్న గదికి తలుపేసినా సందుల్లోంచి వెలుతురు వస్తుంది కదా, ఇక్కడా అంతే. పెద్దమ్మ వాళ్లది ఓఎల్‌ఈడీ. దానికి వెనక దీపాల్లేవు, బొమ్మను కూర్చే ప్రతి చుక్కా (పిక్సెల్) తానే వెలుగుతుంది. నలుపు కావలసిన చోట చుక్క ఆరిపోతుంది.

చుక్క ఎలా వెలుగుతుందో చెబుతాను. కరెంటు అందించే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కార్బన్ సమ్మేళనాల పల్చటి పొరలుంటాయి. కరెంటు ఇస్తే ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు లోపలికి వస్తాయి. రెండోవైపు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు బయటికి పోయి ఖాళీలు మిగులుతాయి. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో వీటినే రంధ్రాలంటారు. ఎలక్ట్రానూ రంధ్రమూ ఎదురుపడి ఒకే అణువు మీద కలిస్తే, మిగిలిన శక్తి కాంతిగా బయటికొస్తుంది. ఆ శక్తి ఎంతన్నది అణువును బట్టి ఉంటుంది. అందుకే ఒక అణువు ఎరుపు, ఇంకొకటి ఆకుపచ్చ, మరొకటి నీలం ఇస్తాయి. కాంతి బయటపడటానికి ఒకవైపు ఎలక్ట్రోడ్ పారదర్శకంగా ఉండాలి.

ఇది వినడానికి సులువే, చేయడానికి చాలా ఏళ్లు పట్టింది. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్ బృందం ఆంత్రసీన్ అనే కార్బన్ సమ్మేళనపు స్ఫటికాన్ని వెలిగించింది. దానికి ఏకంగా 400 వోల్టులు కావలసి వచ్చాయి. స్ఫటికం మందంగా ఉంది మరి. దారి చూపింది కోడాక్ కంపెనీలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్. 1987లో వాళ్లు ఒక పొర బదులు రెండు పొరలు వేశారు. ఒకటి రంధ్రాలను బాగా నడిపిస్తుంది, రెండోది ఎలక్ట్రాన్లను. ఇవి ఒకదాన్నొకటి దాటిపోకుండా పొరల సరిహద్దు దగ్గరే కలుసుకుంటాయి. రెండు పొరలూ కలిపి సుమారు 135 నానోమీటర్లే (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). 10 వోల్టుల లోపే ఆకుపచ్చగా వెలిగింది. ఎక్కడ కలవాలో ముందే నిర్ణయించిన ఆ ఆలోచన నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఇంకో చిక్కు మిగిలింది. మామూలు అణువుల్లో సగటున నాలుగు కలయికల్లో ఒకటే కాంతినిస్తుంది, మూడింటి శక్తి వేడిగా పోతుంది. 1998లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ అనే శాస్త్రవేత్తల బృందాలు ప్లాటినం ఉన్న అణువును వాడి ఆ మూడింటినీ కాంతిగా మార్చవచ్చని చూపాయి. తర్వాత ప్లాటినం బదులు ఇరిడియం అనే లోహం వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు బాగుపడింది దీనివల్లే.

దీపాల పలక అక్కర్లేకపోవడంతో తెర పల్చబడింది. 2007లో సోనీ అమ్మిన మొదటి ఓఎల్‌ఈడీ టీవీ 11 అంగుళాలది, తెర మందం సన్నటి చోట 3 మిల్లీమీటర్లు. గాజు బదులు ప్లాస్టిక్ మీద పొరలు వేస్తే తెర వంగుతుంది, మడత ఫోన్లు అలా వచ్చినవే. ఎల్‌సీడీలోలా ద్రవస్ఫటికాలు తిరిగేదాకా ఆగక్కర్లేదు కాబట్టి చుక్క చటుక్కున మారుతుంది. పక్కనుంచి చూసినా రంగులు అంతగా వెలవెలబోవు.

ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది కాబట్టి విడిగానే అరుగుతుంది కూడా. రోజంతా వార్తల ఛానెల్ పెట్టి ఉంచే ఇంట్లో లోగో, కింద పాకే అక్షరాల పట్టీ ఉండే చోట చుక్కలు మిగతావాటికన్నా ముందు మసకబారతాయి. ఛానెల్ మార్చినా ఆ ఆకారం నీడలా కనిపిస్తుంది. అందుకే కొన్ని టీవీలు బొమ్మను మనకు తెలియనంత కొద్దిగా అటూ ఇటూ జరుపుతుంటాయి. అన్నిటికన్నా త్వరగా అలిసిపోయేది నీలం. నీలికాంతికి ఎక్కువ శక్తి కావాలి, ఆ శక్తే అణువులోని బంధాలను తెంచుతుంది. చాలా ఫోన్లలో నీలం ఇప్పటికీ పాత పద్ధతిలోనే, నాలుగింట ఒక వంతుతోనే నెట్టుకొస్తోంది. కొన్నిట్లో భారం తగ్గించడానికి నీలం చుక్కను పెద్దదిగా చేస్తారు. గాలి, తేమ తగిలినా ఈ పొరలు పాడవుతాయి. తెర పగిలితే రోజుల తరబడి అలాగే వాడకండి.

డార్క్ మోడ్ (నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు) పెడితే బ్యాటరీ మిగులుతుందా అని కూడా అడిగారు. ఇలాంటి తెరల మీద మిగులుతుంది, కానీ ఎంతన్నది తెర వెలుగును బట్టి ఉంటుంది. 2021లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని ఫోన్లలో కొలిచి చూశారు. వెలుగు పూర్తిగా పెంచినప్పుడు సగటున 39 నుంచి 47 శాతం ఆదా అయింది. 30 నుంచి 50 శాతం వెలుగులో మాత్రం 3 నుంచి 9 శాతమే. కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడు ముందు వెలుగు తగ్గించండి, చుక్కలూ నెమ్మదిగా అరుగుతాయి. ఎండలో వెలుగు పెంచక తప్పనప్పుడు డార్క్ మోడ్ పెట్టుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య