టీచర్ గొంతు: చట్టం గుర్తించడానికి ఎందుకింత ఆలస్యం?

టీచర్ గొంతు బొంగురుపోతే అందరూ ఇచ్చే సలహా ఒకటే: కాస్త మెల్లగా మాట్లాడండి. తప్పు టీచర్ అలవాటుదే అన్నట్టు! అది చేసే పని వల్ల వచ్చే జబ్బని చట్టం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

వైద్యులకు మాత్రం ఇది పాత సంగతే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. గొంతే ఆధారంగా బతికేవాళ్ల కోసం అందులో ఒక అధ్యాయం కేటాయించాడు. 1911లో ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ మరో విషయం చూపించాడు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. మెల్లగా మాట్లాడమనే సలహా గోలగా ఉన్న క్లాసులో ఎందుకు పనిచేయదో దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా మామూలుగా మాట్లాడేటప్పుడే మహిళల స్వరతంత్రులు (గొంతులో ధ్వని పుట్టించే పొరలు) సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి, మగవాళ్లకంటే దాదాపు రెట్టింపు. రోజంతా పాఠాలు చెబితే వాటి మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించుకోవచ్చు.

అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన సర్వే ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్లు టీచర్లలో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం.

పోలండ్‌లో ఈ గొంతు జబ్బు వృత్తివ్యాధుల, అంటే పని వల్ల వచ్చే జబ్బుల, జాబితాలో ఉంది. చాలా ఏళ్లపాటు అక్కడ నమోదైన వృత్తివ్యాధుల్లో ఇది ముందు వరుసలో నిలిచింది. కానీ 2002 నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు దక్కాలంటే కనీసం 15 ఏళ్లు గొంతుకు అధిక శ్రమ పడి ఉండాలి. ఉద్యోగంలో చేరిన ఐదో ఏటే స్వరతంత్రుల మీద బుడిపెలు వచ్చిన టీచర్ సంగతేమిటి? ఆ షరతు నాకు అన్యాయంగానే తోస్తుంది. 2006లో స్పెయిన్ కూడా ఈ బుడిపెలను వృత్తివ్యాధిగా గుర్తించి, టీచర్లను, గాయకులను, నటులను, టెలిఫోన్ ఆపరేటర్లను ఆ పరిధిలోకి తెచ్చింది. బ్రెజిల్ ఆరోగ్య శాఖ 2018లో పని వల్ల వచ్చే స్వర సమస్యల మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇవన్నీ చాలావరకు గొంతు పాడయ్యాక అందే సాయం. అసలు కారణాన్ని పట్టుకున్నవి, విచిత్రంగా, గొంతు కోసం పుట్టని నిబంధనలు. పిల్లలకు పాఠం స్పష్టంగా వినపడాలని 2002లో అమెరికాలో ఒక ప్రమాణం తెచ్చారు. మామూలు సైజు ఖాళీ క్లాసులో రొద 35 డెసిబెల్స్ దాటకూడదు, శబ్దం 0.6 సెకన్లలో అణిగిపోవాలి. 2003లో బ్రిటన్ కూడా బడి భవనాలకు ఇలాంటి నిబంధనలే పెట్టింది. గదిలో మాట మార్మోగకపోతే టీచర్ అరవాల్సిన పని తగ్గుతుంది.

అయితే ఇవి ప్రధానంగా కొత్త కట్టడాల కోసం రాసినవి. పాత గదుల్లో చెప్పే టీచర్‌కు ఒక మైకు ఇవ్వడం, వరుస పీరియడ్ల మధ్య కాస్త విరామం ఉండేలా టైమ్‌టేబుల్ వేయడం చాలాచోట్ల ఇప్పటికీ హెడ్‌మాస్టర్ ఇష్టమే.