నింబస్ ఆనకట్ట దిగువన: నదీ రక్షణ చట్టంపై అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరం నడుమ పారే దిగువ అమెరికన్ నది మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఒడ్డున తలపెట్టే నిర్మాణాల వల్ల నదికి కలిగే హానిని అంచనా వేసి నివేదిక రాయడం నా ఉద్యోగం. ఫోల్సమ్, రాంచో కార్డోవాలలో స్థిరపడిన తెలుగువారు సెలవు రోజుల్లో ఈ ఒడ్డుకే వస్తారు. ఈ నదికి రక్షణ కల్పించే అమెరికా కేంద్ర చట్టం గురించి మాటల్లో వారి నుంచి తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఈ రక్షణ మనుషులు తిరగని అడవి నదులకే.

1968 అక్టోబరు 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ చట్టంలో మూడు తరగతులున్నాయి. కాలిబాట తప్ప దాదాపుగా దారి లేనివి వైల్డ్. అక్కడక్కడ రోడ్డు చేరేవి సీనిక్. రోడ్డో రైలో సులువుగా చేరే, ఒడ్డున కొంత కట్టడం ఉన్న నదులు రిక్రియేషనల్. నింబస్ ఆనకట్ట నుంచి శాక్రమెంటో నదిలో కలిసేదాకా 23 మైళ్ల మా నది మూడో తరగతిలోనిది. ఆకురాలు కాలంలో చినూక్ సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీదుతూ ఇళ్ల పక్కనుంచే గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఈ నదిని రక్షిత జాబితాలో చేర్చడానికి అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఓటు కూడా అవసరం పడలేదు. గవర్నర్ జెర్రీ బ్రౌన్ కోరగా, కార్టర్ ప్రభుత్వపు చివరి పూర్తి రోజైన 1981 జనవరి 19న అంతర్గత వ్యవహారాల మంత్రి సెసిల్ ఆండ్రస్ సంతకం చేశారు. రాష్ట్రం తన చట్టంతో ముందే కాపాడుకుంటున్న నదికి కేంద్ర చట్టంలో ఆ దారి ఉంది.

అపోహ: ఒడ్డున ఉన్న భూమిని ప్రభుత్వం లాక్కుంటుంది.

ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ ప్రైవేటు భూమిలో ఏం కట్టాలో శాసించే అధికారం ఈ చట్టం కేంద్రానికి ఇవ్వలేదు. అది స్థానిక ప్రభుత్వాల చేతిలోనే ఉంది. రక్షిత నదికి గీసిన సరిహద్దులోని భూమిలో సగం, అంతకుమించి ఇప్పటికే ప్రభుత్వానిదైతే, మిగతా భూమి యాజమాన్యాన్ని బలవంతంగా సేకరించడం నిషిద్ధం. అక్కడ కూడా పరిమిత హక్కులను సేకరించే వీలు మిగిలే ఉంది కనుక ఈ నిబంధనను పూర్తి హామీగా చెప్పను.

అపోహ: జాబితాలో చేరితే నది భద్రం.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ నమ్మకమే. చట్టానికి నిజమైన బలం ఏడో సెక్షన్. రక్షిత భాగంలో కొత్త జలవిద్యుత్ ఆనకట్టకు కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్ లైసెన్సు ఇవ్వకూడదు, నది విశిష్టతను దెబ్బతీసే జల నిర్మాణాలకు ఏ కేంద్ర సంస్థా సాయపడకూడదు. అయితే అప్పటికే ఉన్న నీటి హక్కులు అలాగే ఉంటాయి. ఎగువన ఫోల్సమ్ జలాశయం అడుగంటిన కరవు ఏడాదిలో దిగువకు వచ్చే నీరు వేడెక్కి సాల్మన్ గుడ్లు చనిపోతాయి. దాన్ని ఆపడానికి ఈ చట్టం ఒక్కటే చాలదు.

ఒడ్డు కోత సమస్య ఇంకా చిక్కైనది. 1986 ఫిబ్రవరి వరదలో ఫోల్సమ్ నుంచి వదిలిన నీరు కరకట్టల పరిమితిని మించిపోయింది. వాటి వెనక లక్షల మంది నివసిస్తున్నారు. అందుకే సైనిక ఇంజినీర్లు ఒడ్డుకు రాతి రివిట్‌మెంట్ వేస్తారు. స్వేచ్ఛగా పారే నది అంటే ఏమిటో నిర్వచిస్తూ, అటువంటి రాతి కట్టును కూడా నదిని మార్చే పనుల్లో చట్టం పేరుపెట్టి చేర్చింది. రాళ్లు పరిచిన చోట చెట్ల నీడ, నీళ్లలోకి దిగిన వేళ్లు, వాటి మధ్య దాగే చేపపిల్లలు అన్నీ పోతాయి. కట్ట తెగితే మనుషులు పోతారు. కనుక రాళ్లే వద్దని నేను అనను. కోత నిజంగా కరకట్టను తాకే చోటికే వాటిని పరిమితం చేయాలని, మిగతా చోట్ల దుంగలు పాతి, విల్లో మొక్కలు నాటి ఒడ్డును నిలపాలని ప్రతిసారీ వాదిస్తాను.

అపోహ: అమెరికాలో నదులన్నిటికీ ఈ రక్షణ ఉంది.

1968లో 8 నదులతో మొదలైంది. నేటికీ దేశంలోని మొత్తం నదుల పొడవులో రక్షణ పొందింది అర శాతంకన్నా తక్కువ.

అపోహ: ఇందులో దిగకూడదు, పడవ వేయకూడదు.

దిగవచ్చు, పడవ వేయవచ్చు, చేపలు పట్టవచ్చు. లైఫ్ జాకెట్ మాత్రం మరవకండి. మండుటెండలోనూ నింబస్ నుంచి వచ్చే నీరు చల్లగా, వడిగా ఉంటుంది.

పాపికొండల గోదావరికి ఇలాంటి చట్టం ఉందా అని కూడా అడుగుతారు. లేదు. అక్కడ అడవికి జాతీయ పార్కు హోదా ఉంది. కానీ ప్రవాహాన్ని ప్రవాహంగా కాపాడి, ఆనకట్టకు అడ్డుచెప్పే ఇటువంటి జాతీయ చట్టం భారతదేశంలో లేదు. అందుకే పోలవరం గురించి జరిగిన వాదనలన్నీ అటవీ, పర్యావరణ అనుమతులు, పునరావాసం, రాష్ట్రాల నీటి వాటాల చుట్టూ తిరిగాయి. పారే హక్కు గోదావరికి ఉందా అన్న ప్రశ్న వేయడానికి చట్టంలో చోటే లేకపోయింది.